భీమిలి బస్సుకి ఎదురు

సీతమ్మధార వెనక వీధిలో ఎవరు ఎన్నింటికి గడప దాటతారో జోగమ్మకి తెలిసినంత ఆ ఇళ్ళవాళ్ళకే తెలియదు. రిటైరైన హెడ్ గుమాస్తా రమణమూర్తిగారు ఆరుంబావుకి పాలకి వెళ్తారు. పక్కింటి తాయారు మొగుడు ఏడున్నరకి పోర్టు డ్యూటీకి. ఎదురింటి గవర్రాజు ఇంటర్వ్యూ ఉన్న రోజు ఎనిమిదికి, లేని రోజు ఎప్పుడు లేస్తే అప్పుడు. ఈ మధ్య మధ్య దొరికే ఖాళీల్లో జోగమ్మ వీధి చివర కుళాయి దగ్గరికి పరుగున వెళ్ళి, బిందె నింపుకుని, పరుగున వచ్చేసేది.

సరదాకి నేర్చిన విద్య కాదది. పోర్టులో క్రేన్ దగ్గర పనిచేసే భర్త పోయి ఇరవయ్యేళ్ళు. అప్పట్నించీ, పని మీద బయల్దేరిన వాళ్ళకి ఆవిడ ఎదురు రాకూడదు. వస్తే పని చెడుతుందట. మొహం మీద ఒక్కళ్ళు ఒక్క మాట అనలేదు, అది ఒప్పుకోవాలి. ఆవిణ్ణి చూడగానే ఏదో మర్చిపోయినట్టు నుదురు కొట్టుకుని లోపలికి వెళ్ళి, కుర్చీలో కాసేపు కూర్చుని, మంచినీళ్ళు తాగి మళ్ళీ బయల్దేరేవారు. ఆ మంచినీళ్ళు తాగడం చూడలేకే జోగమ్మ వీధి మొత్తం టైంటేబుల్ బట్టీపట్టింది.

సొంత కూతురి దగ్గరా అంతే. గౌరీశ్వరి బళ్ళో చేరిన రోజునా, పదో తరగతి పరీక్షలకీ, టైపు పరీక్షలకీ తాయారే నీళ్ళ బిందెతో ఎదురొచ్చింది. జోగమ్మ వంటింటి తలుపు వెనక నించుని, గేటు వేసిన చప్పుడు విన్నాక అప్పుడు బయటికి వచ్చేది. కూతురు ఒక్కసారీ ఏమీ అడగలేదు. అడగకపోవడం మంచికో చెడ్డకో జోగమ్మకి ఇరవయ్యేళ్ళుగా అర్థం కాలేదు.

ఎనభై మూడు జనవరిలో ఆవిడ పక్క వాటాలోకి ఇంగ్రిడ్ అనే నార్వే దేశపు నర్సు అద్దెకి దిగింది. నలభై అయిదేళ్ళు ఉంటాయి, ఆరడుగుల మనిషి. ఫిషింగ్ హార్బరు దగ్గర ఒక ధర్మాసుపత్రిలో, పిల్లలకి విరేచనాలు పట్టుకుంటే ఉప్పూ పంచదారా కలిపిన నీళ్ళు ఎలా పట్టాలో తల్లులకి నేర్పడానికి ఆర్నెల్ల పాటు జీతం లేని కొలువు. శని, ఆదివారాలు సెలవు. వచ్చిన రోజే గోడకి ఓ కాగితం అంటించింది. మొదట భీమిలి, తరవాత అరకు, ఆ తరవాత సింహాచలం, ఇంకా కింద మరో ఎనిమిది ఊళ్ళు. తెలుగు మటుకు హార్బరులో చేపలమ్మేవాళ్ళ దగ్గరా, జోగమ్మ దగ్గరా నేర్చుకుంది గనక రెండు నెలలు తిరక్కుండా, "నాను సేత్తాను అప్పా, నువ్వు కూకో," అనేదాకా వచ్చింది. అప్పంటే అక్క, జోగమ్మే.

వీధి ఆమెకి ఘనంగా స్వాగతం చెప్పింది. రమణమూర్తిగారు ఆమె వేలికున్న ఉంగరం చూపించి, "హస్బెండ్?" అని అడిగితే ఆమె నవ్వి తలూపింది. ఆయన అక్కడికక్కడే ఆ భర్తని ఇంజనీరు చేసి, నార్వేలో ఓ పెద్ద ఉద్యోగంలో కూర్చోబెట్టేశారు. ఆడవాళ్ళు ఎర్ర గాజులు తొడిగారు. శుక్రవారం శుక్రవారం తాయారు వచ్చి బొట్టు పెట్టి వెళ్ళేది. ఇంగ్రీడమ్మకి అదొక సరదా.

మొదటి శనివారం పొద్దున ఎనిమిదికి ఆమె టోపీ పెట్టుకుని, సంచీ తగిలించుకుని భీమిలికి బయల్దేరింది. కుళాయి దాకా వెళ్ళాక గొడుగు మర్చిపోయానని గుర్తొచ్చి వెనక్కి తిరిగింది. సరిగ్గా అప్పుడే గవర్రాజు గుమ్మం దిగాడు. స్టీలు ప్లాంటుకి భూములిచ్చిన ఊరి కుర్రాడు, ఉద్యోగం కోసం అది ఎనిమిదో ఇంటర్వ్యూ. ఏడోసారి ఫర్నేసు గురించి అడిగిన దానికి నోరు పెగల్లేదు గానీ, వీధి లెక్కలో ఆ తప్పు గవర్రాజుదీ కాదు, ఫర్నేసుదీ కాదు. ఆ రోజు పొద్దున జోగమ్మ ఎండబెట్టిన వడియాలు తీసుకోవడానికి ఒక్క క్షణం బయటికి వచ్చింది.

అయిదు రోజులకి గవర్రాజు కాగితం ఊపుకుంటూ వీధిలోకి పరిగెత్తుకొచ్చాడు. "వొచ్చీసింది! ఓలమ్మో, ఉజ్జోగం వొచ్చీసింది!"

రమణమూర్తిగారి అరుగు మీద విచారణ జరిగింది. గవర్రాజు మూడు వారాలు పుస్తకం ముందేసుకుని కూర్చున్న సంగతి ఎవరికీ గుర్తు రాలేదు, వాడికీ రాలేదు. "ఆ రోజు నీకు ఎదురొచ్చింది ఎవరు?" అన్నారు రమణమూర్తిగారు. "ఇంగ్రీడమ్మండి. టోపీతోటి," అన్నాడు గవర్రాజు. ఇంకేముంది, అరుగు మీద అందరూ ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. కిటికీ వెనకనించి వింటున్న జోగమ్మకి నవ్వొచ్చింది, ప్రాణం కాస్త తేలికపడ్డట్టూ అనిపించింది. మంచి జరిగితే ఆమె వల్ల అనుకుంటే, చెడు జరిగితే తన వల్ల అనుకోవడం కొన్నాళ్ళు తగ్గుతుందేమో.

మొదటి శనివారం గొడుగు తెచ్చుకునేసరికి బస్సు తప్పిపోయింది గనక, రెండో శనివారం ఇంగ్రీడమ్మ మళ్ళీ భీమిలికే బయల్దేరింది. మద్దిలపాలెం జంక్షన్లో బస్సెక్కి ముందు సీట్లో కూర్చుంది. డ్రైవరు పీర్ మహమ్మద్ పాత ఊరి మనిషి, గవర్రాజుకి టీకొట్టు స్నేహితుడు. ఆ నెలలో ఆ బస్సు మూడుసార్లు దారిలో ఆగిపోయింది. అతను వెనక్కి తిరిగి దణ్ణం పెట్టాడు.

"అమ్మా, మీరొక్కసారి దిగి, అదిగో ఆ పాన్ షాపు కాణ్ణించి బండికి ఎదురు రావాల."

"ఎందుకు బాబూ?"

"నాకు ఇలాటియ్యి నమ్మకం నేదమ్మా," అన్నాడు పీర్ మహమ్మద్, "బండికి ఉంది."

ఇంగ్రీడమ్మ దిగింది. పాన్ షాపు దాకా నడిచి, తిరిగి, నవ్వుతూ బస్సుకి ఎదురొచ్చింది. పీర్ మహమ్మద్ రెండు చేతులూ ఎత్తి నమస్కరించి, హారన్ కొట్టి, ఆమె పక్కనించి భీమిలి వెళ్ళిపోయాడు. ఎదురొచ్చిన మనిషి కోసం బండి ఆపితే ఆ ఎదురు పనిచెయ్యదు. ఎదురొచ్చిన మనిషిని వెంట తీసుకెళ్తే అది అసలు ఎదురే కాదు. ఈ న్యాయం బస్సులో ఉన్న నలభై మందికీ తెలుసు గనక ఎవరూ ఆపమనలేదు. ఆ రోజు బస్సు ఎక్కడా ఆగకుండా భీమిలి చేరింది. ఇంగ్రీడమ్మ నడుచుకుంటూ ఇంటికొచ్చింది.

అప్పట్నించి ఆమె వారాంతాలు ఆమెవి కావు. రేషను షాపు గోడ మీద రమణమూర్తిగారు ఓ పట్టిక అంటించారు. శనివారం ఎనిమిదింటికి ఫలానావారి స్కూటరు లైసెన్సు. ఎనిమిదిన్నరకి ఫలానావారి పన్ను పీకించుకోవడం. ఆదివారం తొమ్మిదికి ఒక పెళ్ళిచూపులు, పదిన్నరకి ఇంకొకటి. ఎదురు రావలసినవారు నిండు బిందెతో, ఇరవై అడుగులు, తుమ్మకుండా రావాలి. కింద సంతకం.

ఇంతలో పెద్ద చిక్కు వచ్చిపడింది. ఎవరు ఏ నిమిషాన గడప దాటతారో తెలియకపోతే ఆమెని ఎప్పుడు పంపాలి? ఈ సంగతి తెలిసిన మనిషి వీధి మొత్తానికి ఒక్కతే. రమణమూర్తిగారు పెరటివైపు కిటికీ దగ్గరికి వచ్చి, మొహం పక్కకి తిప్పుకుని అడిగేవారు.

"ఏమ్మా జోగమ్మా, మన నరసింహమూర్తి లైసెన్సుకి ఎన్నింటికి బయల్దేరొచ్చు?"

"ఎనిమిదీ పదికండి. సెప్పులు రెండుసార్లు తుడుసుకుంటాడు."

ఆయన వాచీ చూసుకుని వెళ్ళిపోయేవారు. ఇరవయ్యేళ్ళు దాక్కోవడానికి దాచుకున్న తెలివంతా ఇలా అక్కరకొచ్చింది. జోగమ్మ లేందే వీధిలో శకునం లేదు, ఆవిడ కనిపిస్తే శకునం లేదు.

ఇంగ్రీడమ్మ మాత్రం పట్టువదలకుండా ప్రతివారం బయల్దేరేది. అరకు వెళ్దామని తెల్లారుతూనే రైల్వే స్టేషనుకి వెళ్తే, మిలిట్రీ సెలక్షనుకి పోయే కుర్రాళ్ళు గుర్తుపట్టి, రైలుకి ఎదురు రమ్మన్నారు. ప్లాట్‌ఫారం మీద ఇంజను దగ్గర మొదలుపెట్టి గార్డు పెట్టె దాకా నడిచింది. ఆఖరి పెట్టె దగ్గరికి చేరేసరికి రైలు కదిలి వెళ్ళిపోయింది. సింహాచలంలో ఇంకా అన్యాయం. మెట్లు సగం ఎక్కేసరికి పైకొచ్చే జనం, "తల్లీ, దిగుతూ ఎదురు రా," అన్నారు. దిగింది. మళ్ళీ ఎక్కబోతే ఇంకో గుంపు. సాయంత్రం దాకా కొండ దిగుతూనే ఉంది గానీ పైకి చేరలేదు. ఇంటికొచ్చి కాళ్ళు వేణ్ణీళ్ళలో పెట్టుకుని, నార్వేలో తన సంస్థకి నెలవారీ నివేదిక రాసింది. శని, ఆదివారాల్లో స్థానికులకి ఎదురుగా నడుస్తున్నాను, అని. చాలా సంతోషం, వచ్చే నెలనించి ఎంతమందికి నడిచారో సంఖ్య కూడా తెలపండి, అని జవాబొచ్చింది.

"నీకు కోపం రాదేటి సెల్లీ?" అని అడిగింది జోగమ్మ.

"నాను సాయం సెయ్యడానికే కదా వొచ్చాను అప్పా. నీళ్ళలో ఉప్పెయ్యమంటే ఎవులూ ఇనరు. నడవమంటే అందరికీ కావాల." గోడ మీది కాగితం వైపు చూసింది. "కానీ భీమిలి సూడాలనుంది."

జూన్ నెలాఖరొచ్చింది. సోమవారం మెయిల్లో ఇంగ్రీడమ్మ ప్రయాణం. ఇక మిగిలింది ఒక్క వారాంతం. ఆదివారమంతా రమణమూర్తిగారు స్వయంగా తీసేసుకున్నారు, బావమరిది కంటి ఆపరేషనుకి. శనివారం పొద్దున ఎనిమిదికి గౌరీశ్వరి పేరుంది. పోర్టు ఆఫీసులో టైపిస్టు ఉద్యోగానికి పరీక్ష. తండ్రి పనిచేసిన చోటు. అది దొరికితే జోగమ్మకి ఇంకేం అక్కర్లేదు.

శుక్రవారం సాయంత్రం దీపాలు పెట్టే వేళకి జోగమ్మ పక్క వాటాలోకి వెళ్ళింది, రేపు బిందె నిండుగా పట్టుకోమని మరోసారి చెప్పడానికి. ఇంగ్రీడమ్మ పెట్టె సర్దుతోంది. చీరల మీద ఒక ఫోటో ఉంది. పడవ మీద నించున్న గడ్డపు మనిషి.

"మీ ఆయనేటి? స్టేషనుకొత్తారా, నువ్వు దిగీసరికి?"

"రాడు అప్పా. సచ్చిపోనాడు. సముద్రంలో. పదకొండేళ్ళు."

జోగమ్మ మంచం మీద కూలబడింది. "మరి రమణమూర్తిగారు అడిగితే తలూపినావట?"

"హస్బెండ్ ఇచ్చిన ఉంగరమా అనుకున్నాను. ఆయనే ఇచ్చినాడు."

ముందు నవ్వొచ్చింది జోగమ్మకి. గవర్రాజు ఉద్యోగం, నరసింహమూర్తి లైసెన్సు, రెండు పెళ్ళిళ్ళు, అయిదు నెలలు దారిలో ఆగని భీమిలి బస్సు, అన్నీ కళ్ళముందు వరసగా కదిలాయి. నోటికి కొంగు అడ్డం పెట్టుకుని కడుపు పట్టుకుని నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ ఎక్కడో ఏడుపులోకి జారిపోయింది. అయితే ఇరవయ్యేళ్ళు నేను తలుపు వెనక నించున్నది ఎందుకు? పసిపిల్ల పలకా బలపం పట్టుకుని బడికి పోతుంటే చూడకుండా గోడ వైపు తిరిగి నించున్నది దేనికి? ఆవిడకి పట్టరాని కోపం వచ్చింది. ఇంగ్రీడమ్మ పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంది.

ఇంటికొచ్చాక అసలు సంగతి బరువుగా తగిలింది. నోరు మూసుకుంటే రేపు పని సాఫీగా జరిగిపోతుంది. ఇంగ్రీడమ్మ ఎదురొస్తుంది, గౌరీశ్వరి ధైర్యంగా వెళ్తుంది, జోగమ్మ తలుపు వెనకే ఉంటుంది. తనే ఎదురు వెళ్తే, ఆ తరవాత ఉద్యోగం రాకపోతే, వీధి ఎలాగూ అంటుంది. ఆ మాటకి అలవాటు పడింది. కానీ కూతురూ అదే అనుకుంటే? పైకి అనకపోయినా మనసులో అనుకుంటే? ఆ భయం ముందు మిగతావన్నీ చిన్నవే.

శనివారం ఏడూ యాభై అయిదుకి వీధంతా గుమ్మాల్లో ఉంది. రమణమూర్తిగారు వాచీ చూసుకుంటూ చేతిరుమాలు ఎత్తి పట్టుకున్నారు. అది కిందికి దించితే నడక మొదలెట్టాలని గుర్తు. కుళాయి దగ్గర ఇంగ్రీడమ్మ నిండు బిందెతో సిద్ధం. గవర్రాజు డ్యూటీకి పోయే నీలం చొక్కాలో, హెల్మెట్టు చంకలో పెట్టుకుని చూస్తున్నాడు.

జోగమ్మ వీధి తలుపు తీసుకుని బయటికొచ్చింది. వీధి మధ్యనించి నడుచుకుంటూ కుళాయి దగ్గరికి వెళ్ళింది. "ఇలాగియ్యి సెల్లీ," అని బిందె అందుకుంది.

రమణమూర్తిగారి రుమాలు గాల్లోనే ఉండిపోయింది. "జోగమ్మా! టైం చూసుకోలేదా? అమ్మాయి బయల్దేరే వేళమ్మా!"

"నా కూతురు ఎప్పుడు బయల్దేరతాదో నాకు తెల్దేటండి? వీదిలో అందరి టైమూ నాను సెప్పినదే కదా."

"పిల్ల భవిష్యత్తుతో ఆటలా? ఇంగ్రీడమ్మ ఉండగా నువ్వెందుకు?"

"ఆవిడ మొగుడు పోయి పదకొండేళ్ళండి," అంది జోగమ్మ. "కావాలంటే అడగండి."

వీధి ఇంగ్రీడమ్మ వైపు తిరిగింది. "పోనాడు బాబూ," అంది ఇంగ్రీడమ్మ వినయంగా. "సముద్రంలో."

ప్రతి శుక్రవారం బొట్టు పెట్టిన తాయారు వేలు అలాగే పైకి లేచి ఉండిపోయింది. గవర్రాజు మెట్టు మీద చతికిలబడ్డాడు. "అయితే నా ఉజ్జోగమో? ఉంటాదా, పోతాదా? మల్లీ ఇంటర్వ్యూ పెట్టమని అడగాలేటి?" అన్నాడు దీనంగా. 

జోగమ్మ నడక మొదలుపెట్టింది. ఇరవయ్యేళ్ళుగా ఆ వీధిలో పరిగెత్తడమే తప్ప నడిచిన పాపాన పోలేదు, బిందె తొణికి చీర తడుస్తోంది. గేటు దగ్గర గౌరీశ్వరి కనిపించింది. చేతిలో ఫైలు. తల్లిని చూసింది. చూసి, నుదురు కొట్టుకుని, గిరుక్కున తిరిగి లోపలికి వెళ్ళిపోయింది.

జోగమ్మ వీధి మధ్యలో అలాగే నించుండిపోయింది. కుర్చీలో కూర్చుంటుంది. మంచినీళ్ళు తాగుతుంది. అందరూ చేసినట్టే చేస్తుంది. ఎందుకొచ్చాను దేవుడా, అనుకుంది.

గౌరీశ్వరి మణికట్టుకి వాచీ కట్టుకుంటూ బయటికి వచ్చింది.

"వాచీ మర్సిపోనాను," అంది. తల్లి మొహం చూసి, ఆ తడిసిన చీర చూసి, ఫైలు గోడ మీద పెట్టింది. "ఆగిపోనావేటమ్మా? మల్లీ కుళాయి కాణ్ణించి రా. నెమ్మదిగా రా. నాకు టైముంది."

జోగమ్మ వెనక్కి వెళ్ళి మళ్ళీ మొదట్నించి నడిచొచ్చింది. ఈసారి బిందె తొణకలేదు. కూతురు నవ్వుతూ ఆవిడ పక్కనించి వెళ్ళి, మలుపు తిరిగే దాకా రెండుసార్లు వెనక్కి చూసింది.

మధ్యాహ్నం అరుగు మీద మళ్ళీ విచారణ. పరీక్ష ఫలితం వచ్చేది జూలై మూడో వారంలో. అందాకా ఏ సంగతీ తేల్చడానికి వీల్లేదని రమణమూర్తిగారు తీర్పు చెప్పి, పట్టిక చింపి, విధవల ఎదురు అనే విషయాన్ని పెండింగులో పెట్టారు. బావమరిది కంటి ఆపరేషను కూడా వాయిదా పడింది. దాంతో ఇంగ్రీడమ్మకి ఆదివారం ఖాళీ అయింది.

"నువ్వూ రా అప్పా," అంది ఇంగ్రీడమ్మ. జోగమ్మ గౌరీశ్వరి వైపు చూసింది. గౌరీశ్వరి లోపలికి వెళ్ళి తల్లి కొత్త చీర తెచ్చి మంచం మీద పెట్టింది.

మద్దిలపాలెంలో బస్సు ముందు సీట్లో ఇద్దరూ కూర్చున్నారు. పీర్ మహమ్మద్‌కి వీధి వార్తలు ఇంకా అందలేదు. వెనక్కి తిరిగి అలవాటుగా దణ్ణం పెట్టాడు. "అమ్మా, ఒక్కసారి దిగి ఎదురొత్తే..."

ఇంగ్రీడమ్మ లేవబోయింది. జోగమ్మ ఆమె చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది.

"ఎవులూ దిగరు బాబూ. ఇద్దరికీ మొగుళ్ళు నేరు. ఇద్దరం భీమిలి ఎల్తన్నాం. నీ బండికి సెప్పు."

పీర్ మహమ్మద్ ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. స్టీరింగు మీదికి వంగి బండితో ఏదో చెప్పుకున్నాడు. తాళం తిప్పాడు. బస్సు కదిలింది.

రుషికొండ దాటాక, సముద్రం కుడివైపు విచ్చుకున్న చోట, ఇంజను పెద్దగా అరిచి ఆగిపోయింది. జోగమ్మకి వెనకనించి నలభై జతల కళ్ళు తన వీపు మీదే ఉన్నట్టనిపించింది. పీర్ మహమ్మద్ దిగి, మూత తెరిచి, తల లోపల పెట్టి చూశాడు. ఆవిడ దిగి అతని పక్కన నించుంది. అడక్కుండా ఉండలేకపోయింది.

"మా వల్లేనేటి బాబూ?"

పీర్ మహమ్మద్ మసి చేతుల్తో తెగిన బెల్టు పైకి తీసి చూపించాడు. "మీ వల్లేటమ్మా? ఇది సూడండి. పాతదయిపోనాది, తెగిపోనాది. దానికి మీరేటి సేత్తారు?"

ఇరవయ్యేళ్ళలో చెడిపోయిన ఏ పనికీ ఎవరూ ఆవిడకి అలాంటి కారణం చెప్పలేదు. జోగమ్మ ఆ బెల్టు చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి, చీలిన చోట వేలు పెట్టి చూసింది.

"మల్లీ సెప్పు బాబూ," అంది.

"బెల్టు పాతదమ్మా," అన్నాడు పీర్ మహమ్మద్.